కనెక్షన్ కలిసింది సరే, నిలుస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లను క్యూలో పెట్టి అందించే సాఫ్ట్‌వేర్ (బ్రోకర్) రాబిట్‌ఎంక్యూ. క్లౌడ్‌లో ఉన్న దానికి అప్లికేషన్‌ను ఎలా కలపాలో మీ బెంగళూరు ఎడిషన్‌లో వచ్చిన వ్యాసం, తెరమీద 'కనెక్టెడ్' అని పడగానే ముగిసింది. మారతహళ్లి కోచింగ్ సెంటర్లలోనూ పాఠం చాలావరకు అక్కడితోనే సరి. తంటా మొదలయ్యేది ఆ తర్వాతే.

ల్యాప్‌టాప్‌లో గెస్ట్ యూజర్‌తో, 5672 పోర్టుతో నడిచిన కోడ్ క్లౌడ్‌లో నడవదు. గెస్ట్‌కు లోకల్‌హోస్ట్ (బ్రోకర్ నడిచే అదే మెషీన్) దాటి డిఫాల్ట్‌గా అనుమతి లేదు. టీఎల్ఎస్‌కు, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్‌కు, పోర్టు 5671. పాస్‌వర్డ్‌లో # ఉంటే యూఆర్ఎల్‌లో %23 అని రాయాలి. లేదంటే చిరునామా అక్కడికే తెగిపోతుంది, ఎర్రర్ మాత్రం పోర్టు తప్పనో హోస్ట్ దొరకలేదనో వస్తుంది. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే వెరిఫికేషన్ ఆపేసే అలవాటొకటి ఉంది. చాలాసార్లు కారణం చిన్నదే: హోస్ట్ పేరు ఉండాల్సిన చోట ఐపీ అడ్రస్ ఇచ్చి ఉంటారు.

ప్రతి ఏపీఐ కాల్‌కూ కొత్త కనెక్షన్ తెరవకూడదు. ప్రాసెస్‌కు రెండు చాలు, పంపడానికొకటి, అందుకోవడానికొకటి. థ్రెడ్‌కొక ఛానెల్, అంటే కనెక్షన్ లోపలి ఒక విడి దారి. రెండెందుకంటే, మెమరీ నిండిపోయినప్పుడు బ్రోకర్ మెసేజ్‌లు పంపే కనెక్షన్‌ను ఆపేస్తుంది. అందుకున్నామని చెప్పే అక్‌లు కూడా అదే దారిలో వెళ్తుంటే అవీ ఇరుక్కుంటాయి, క్యూ ఖాళీ కాదు.

అందరూ జారిపడేది హార్ట్‌బీట్ దగ్గర. కనెక్షన్ బతికే ఉందని రెండువైపులా అప్పుడప్పుడు పంపుకునే చిన్న సంకేతమది. దాని గడువు డిఫాల్ట్‌గా 60 సెకన్లు. పైథాన్‌లో రాబిట్‌ఎంక్యూ కోసం వాడే లైబ్రరీ పికాలో బ్లాకింగ్ కనెక్షన్ వాడి, కాల్‌బ్యాక్‌లోనే (మెసేజ్ రాగానే నడిచే ఫంక్షన్‌లో) పెద్ద బిల్లు పీడీఎఫ్ తయారుచేస్తుంటే హార్ట్‌బీట్ వెళ్లదు. బ్రోకర్ కనెక్షన్ మూసేసి అదే మెసేజ్‌ను మళ్లీ ఇస్తుంది, కస్టమర్‌కు ఒకే బిల్లు రెండుసార్లు పోతుంది. దీనికి విరుగుడని హార్ట్‌బీట్‌ను 0 చేయడం మాకు అస్సలు నచ్చని పని. మధ్యలో ఉండి ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తనంతట తాను మరిచిపోతుంది. అమెజాన్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌కు ఆ గడువు మామూలుగా 350 సెకన్లు, అజూర్‌లో 4 నిమిషాలు. హార్ట్‌బీట్ లేకపోతే తెగిన సంగతి మెసేజ్‌లు అందుకునే వర్కర్ ప్రోగ్రాంకు తెలియదు, రాని మెసేజ్ కోసం కూర్చుంటుంది. బరువైన పనిని వేరే థ్రెడ్‌కు ఇచ్చి, అక్‌ను మాత్రం కనెక్షన్ ఉన్న థ్రెడ్ నుంచే పంపాలి. బిల్లు నంబరు ముందే నమోదై ఉందేమో చూసుకునే కోడ్ ఎలాగూ తప్పదు.

బ్రోకర్ రీస్టార్ట్ అయినా నిలిచే డ్యూరబుల్ క్యూ, పర్సిస్టెంట్ మెసేజ్ పెట్టినా, బ్రోకర్ నుంచి రసీదు తెచ్చే పబ్లిషర్ కన్‌ఫర్మ్ ఆన్ చేయకపోతే, పంపిన మెసేజ్ బ్రోకర్‌కు చేరిందో లేదో చెప్పేవారుండరు.

ఇదంతా చూడాలనుకునే విద్యార్థులు కాల్‌బ్యాక్‌లో 3 నిమిషాల స్లీప్ పెట్టి నడిపితే చాలు. అక్ దగ్గర ఎర్రర్ వస్తుంది, మళ్లీ కనెక్ట్ కాగానే అదే మెసేజ్ మళ్లీ డెలివరీ అవుతుంది.

ఇట్లు,
కొందరు బ్యాకెండ్ ఇంజనీర్లు, బెంగళూరు