ట్రైనింగ్ బటన్ నొక్కే ముందు డేటా చదవమని కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏఐ గురించి ఈమధ్య పేపర్లలో చాలా వస్తోంది, సంతోషం. కానీ ఫైన్‌ట్యూనింగ్ (తయారుగా ఉన్న ఏఐ మోడల్‌కి మన డేటాతో ఇంకాస్త శిక్షణ ఇవ్వడం) దగ్గరికొచ్చేసరికి ఫైల్ అప్‌లోడ్ చెయ్యండి, బటన్ నొక్కండి, మోడల్ రెడీ అన్నట్టే ఉంటోంది, అది నమ్మి కుర్రాళ్లు చేతిలో ఉన్న కాస్త డబ్బూ జీపీయూ (ఏఐ లెక్కలు చేసే ప్రత్యేక చిప్) అద్దెలకి పోసేస్తున్నారు, నాకు అదే బాధ.

జీపీయూ కష్టం మునుపటంత లేదు. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకుని దాచుకునే అంకెల) మోడల్ని మొత్తంగా ట్రైన్ చెయ్యాలంటే మామూలుగా 100 జీబీ పైనే మెమరీ కావాలి. 2021లో లోరా అనే పద్ధతి వచ్చాక అసలు వెయిట్స్ (ఆ అంకెలే) ముట్టుకోకుండా పక్కన చిన్న మాట్రిక్సులు (అంకెల పట్టికలు) పెట్టి వాటినే ట్రైన్ చేస్తున్నారు, 2023లో దాని మీదే కట్టిన క్యూలోరా వచ్చి అసలు మోడల్ని ఒక్కో అంకెకి 4 బిట్ల చొప్పున కుదించేసరికి 16 జీబీ కార్డు ఒక్కటి చాలుతోంది. ఇప్పుడు ట్రైనింగ్ చెడేది ఎక్కువగా డేటా దగ్గరే.

అందులోనూ తెలుగు డేటా అయితే మరీ. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం చూడండి, కంప్యూటర్‌కి అది 6 యూనికోడ్ ముక్కలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. తెలుగు పెద్దగా చూడని టోకెనైజర్ (రాతని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టేది) దాన్ని ముక్కలు ముక్కలు చేసేస్తుంది, మనమేమో మాక్సిమం లెంగ్త్ 512 టోకెన్లు అని పెట్టి ఊరుకుంటాం, అంతే, జవాబు మధ్యలో తెగిపోతుంది, జవాబు అయిపోయిందని చెప్తూ చివర ఉండాల్సిన ఎండ్ టోకెన్ కూడా దాంతోపాటే పోతుంది. చాలాసార్లు ఎర్రర్ ఏమీ రాదు, లాస్ (మోడల్ తప్పుల కొలత) కూడా చక్కగా దిగుతూనే ఉంటుంది, తీరా వాడబోతే ఎక్కడ ఆపాలో తెలియని మోడల్ చేతికొస్తుంది.

దీనికి మందు ఒకటే, ట్రైనింగ్‌కి వెళ్లే టోకెన్లని మళ్లీ అక్షరాల్లోకి మార్చి కొన్నిటిని మొదట్నుంచి చివరిదాకా చదవాలి. చాట్ టెంప్లేట్ (ప్రశ్న ఏది, జవాబు ఏది అని చెప్పే గుర్తుల అమరిక) సరిగ్గా పడిందా, జవాబు పూర్తిగా ఉందా, ప్రశ్న భాగానికి లేబుల్స్‌లో (మోడల్ నేర్చుకోవాల్సిన టోకెన్ల వరసలో) -100 అనే 'దీన్ని వదిలెయ్' గుర్తు పడి లాస్ లెక్కలోంచి తప్పుకుందా, ఇవన్నీ అక్కడే తెలిసిపోతాయి. తర్వాత ఓ పది ఉదాహరణలే ఇచ్చి రన్ చెయ్యండి, వాటిని కూడా బట్టీ పట్టలేకపోతే తేడా సెట్టింగుల్లోనో కోడ్‌లోనో ఉన్నట్టే.

డూప్లికేట్లు వాలిడేషన్ భాగం (ట్రైనింగ్‌లో వాడకుండా పరీక్షకి పక్కన పెట్టేది) విడదీయకముందే తీసెయ్యాలి, లేకపోతే అవే ప్రశ్నలు రెండు వైపులా చేరి వాలిడేషన్ లాస్ అబద్ధం చెప్తుంది. అది పెరుగుతూ ట్రైనింగ్ లాస్ మాత్రం తగ్గుతోందంటే ఆపెయ్యడమే, ఇంకో ఎపాక్ (డేటా మొత్తం మీద ఇంకో రౌండు) అని ఆశపడొద్దు.

డేటా కుప్పలు తెప్పలుగా ఉండక్కర్లేదు కూడా. 2023లో మెటా వాళ్లు లీమా అని 6,500 కోట్ల పారామీటర్ల మోడల్ని ఏరి కూర్చిన 1,000 ఉదాహరణలతోనే ట్యూన్ చేసి చూపించారు.

ఈసారి ఈ విషయం మీద రాసినప్పుడు డేటా చదవడం గురించి ఒక పేరా అయినా పెట్టండి, ట్రైనింగ్‌కి ముందే అసలు మోడల్‌తో తర్వాత పరీక్షించబోయే ప్రశ్నలకే జవాబులు రాయించి దాచుకోమని కూడా చెప్పండి, అవి లేకపోతే బాగుపడిందో చెడిందో పోల్చి చూడ్డానికి ఏమీ మిగలదు.

ఇట్లు,
మీ పాఠకురాలు