వాతావరణ పట్టికలో పాతపట్నం కింద ఇంకో మూడు పేర్లు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది ఒడిశా రాష్ట్రం, గజపతి జిల్లా కాశీనగర్. వంశధార ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. మీ శ్రీకాకుళం ఎడిషన్ పొద్దున బస్సులో వస్తుంది. దుకాణం ముందు బల్ల మీద వేస్తే మధ్యాహ్నానికి నలిగిపోతుంది. వచ్చినవాళ్లలో సగం మంది ముందు చూసేది వాతావరణ పట్టికే. అందులో కళింగపట్నం ఉంటుంది, పలాస, టెక్కలి ఉంటాయి, చివర పాతపట్నం. అక్కడితో సరి. పాతపట్నం పొలిమేర దాటితే పర్లాకిమిడి వచ్చేస్తుంది, ఎండకీ వానకీ ఆ పొలిమేర తెలీదు. ఆ కిందే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అని ఇంకో మూడు పేర్లు చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

ఒడియా పత్రికలు చూసుకోవచ్చు కదా అంటారేమో. మా పిల్లలు చూసుకుంటారు, వాళ్లు ఒడియా బళ్లో చదివారు. అరవై దాటిన రైతులు ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లకు వచ్చిన అక్షరాలు తెలుగువే. భువనేశ్వర్ వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. మా గజపతికీ, గుణుపురం ఉన్న రాయగడ జిల్లాకూ ఇస్తుంది. శ్రీకాకుళానికి ఇచ్చేది అమరావతి కేంద్రం. మీ పత్రికలో వచ్చేది రెండోదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి తోటల గురించి పేజీల కొద్దీ చదివాం. చదవాల్సిందే, అంత నష్టం జరిగింది. అదే తుపాను వానకు మా జిల్లాలో బారఘర దగ్గర కొండచరియ విరిగిపడి పది మందికి పైగా పోయారు. ఆ వార్త మా బల్ల దగ్గరి పెద్దవాళ్లకు పిల్లలు చదివి చెప్పారు.

వాన సంగతి ఎలాగో నెట్టుకొస్తున్నాం. చలికాలం గాలి సంగతే ఎవరికీ పట్టడం లేదు. నవంబరు చివర్లో వరి కోతలు మొదలవుతాయి. ఇప్పుడు చాలా మడులు మిషన్ కోతే. మిషన్ కోసిన చోట కొయ్యకాళ్లు పొడుగ్గా మిగిలిపోతాయి, గడ్డి చెదిరిపోతుంది, పశువులు తగ్గిపోయాక దాన్ని ఏరి మేట వేసే ఓపిక ఎవరికీ లేదు. ఒక అగ్గిపుల్లతో పని అయిపోతుంది. తడి ఉన్న పల్లపు మడుల్లో కోతకు ముందే మినుమో పెసరో చల్లేస్తారు, వాటిలో నిప్పు పెట్టే మాటే లేదు. కాల్చేది మెట్టు మడుల్లో. ఆ తర్వాత పత్తి కట్టె. గులాబీ రంగు పురుగు అందులో దాక్కుంటుంది కాబట్టి వేసవి దాకా చేలో ఉంచొద్దని నేనే చెబుతాను. ముక్కలు చేసే యంత్రం అందరికీ ఎక్కడ దొరుకుతుంది? కాలుస్తారు. ఇటుక బట్టీల పొగ సరేసరి. భోగి నాడు పాత టైర్లు మంటలో వేసే కుర్రాళ్ల గురించి ఏమీ రాయకపోవడమే మంచిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద మంటలు కనిపిస్తాయి. అందరూ పోడు చేసుకునే సవరల మీదకి నెట్టేస్తారు గానీ, డిసెంబరు పొగ పూర్తిగా కింద ఉన్న మాదే.

ఈ పొగ పైకి పోదు. రాత్రి నేల చల్లబడిపోయి, చల్లగాలి కిందే ఉండి, దాని మీద వెచ్చటి గాలి కుండకు మూకుడు పెట్టినట్టు కూర్చుంటుంది. పొద్దెక్కేదాకా ఏటి ఒడ్డున మంచూ పొగా కలిసిపోయి ఉంటాయి. అప్పుడే రైతు వచ్చి, "సావుకారూ, గాలి లేదు, మందు కొట్టీమంటావేటి?" అని అడుగుతాడు. వద్దంటాను. అలాంటి పొద్దున సన్న తుంపర కిందికి దిగదు, తేలుతూ పక్క చేలోకో, కొట్టేవాడి ముక్కులోకో పోతుంది. ఎండ వచ్చి, ఆకు ఆరి, కాస్త గాలి కదిలాక కొట్టాలి. మినుముకు బూడిద తెగులు వచ్చేదీ, జీడి పూతకు టీ దోమ అనే రసం పీల్చే పురుగు పట్టేదీ ఈ రోజుల్లోనే. కాబట్టి రేపు మంచు ఉందా లేదా అన్నది నా బేరానికీ, వాళ్ల పంటకీ కావలసిన కబురే.

ఫోన్‌లో గాలి నాణ్యత చూడమని కుర్రాళ్లు అంటారు. మా ఊళ్లో గాలిని కొలిచే యంత్రం లేదు. యాప్ చూపించేది ఉపగ్రహాలు, కంప్యూటర్ లెక్కలు కలిపి వేసిన అంచనా. ఒకే పొద్దున ఒక ఫోన్‌లో పసుపు, ఇంకో ఫోన్‌లో ఎరుపు కనిపిస్తే బల్ల దగ్గర గొడవ. తేడా కొంత కొలబద్దలోనే ఉంది. ఘనపు మీటరు గాలిలో సన్న ధూళి, అంటే పీఎం 2.5, 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు గాలి నాణ్యత సూచీలో 100, అమెరికా సూచీలో 150 దాటిపోతుంది. చాలా యాప్‌లు అమెరికా లెక్కే చూపిస్తాయి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ గాలి కార్యక్రమంలో, గాలి పాడైన ఊళ్ల జాబితాలో మీ శ్రీకాకుళం ఉంది. ఒడిశా నుంచి భువనేశ్వర్, కటక్, తాల్చేర్ లాంటివి ఉన్నాయి. పెద్ద ఊళ్లు, ఫ్యాక్టరీల ఊళ్లు. వరి కోసుకునే ఊరికి అందులో చోటు ఉండదని తెలుసు, నేను యంత్రం అడగడం లేదు.

అడిగేది ఇంతే. పట్టికలో ఆ మూడు పేర్లు. గజపతి, రాయగడలకు భువనేశ్వర్ నుంచి నారింజో ఎరుపో వచ్చిన రోజున తెలుగులో రెండు లైన్లు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి మంచు మాట, గాలి అంకె వేస్తే అది మన సూచీలోదా కాదా, కొలిచిందా అంచనానా అన్నది. చోటు లేదంటే సినిమా హాళ్ల ప్రకటనల కింద వేసినా మా బల్ల దగ్గర ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
పురుగుమందుల దుకాణదారు,
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా