జులై 20న మాస్టారి సన్మానం, అందరూ రావాలి

పర్లాకిమిడి చెస్ మిత్రులందరికీ నమస్కారం.

జులై 20 అంతర్జాతీయ చదరంగ దినోత్సవం, 1924లో పారిస్‌లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే పుట్టిన రోజు. ఆ సాయంత్రం 4 గంటలకు మన మాస్టారి ఇంటి పెరట్లోనే సన్మానం. ఆయన మెట్లు ఎక్కలేరు, అందుకే హాలు అనుకోలేదు.

ఒకప్పుడు మనవాళ్లంతా దేశీ పద్ధతిలోనే ఆడేవారు. బంటుకి మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే. రెండు గడుల ఎత్తు, రాజుకి ఏనుగుతో కోట కట్టడం (కాజ్లింగ్), ఎత్తులు కాగితం మీద రాసుకోవడం మనకు నేర్పింది ఆయనే. పోయిన నల్లబంటు బదులు చింతగింజ పెట్టిన ఆ పాత బోర్డు గుర్తుందా? మనలో సగం మంది దాని మీదే ఓనమాలు దిద్దాం.

తలా 200 రూపాయలు 15వ తేదీలోపు నాకు పంపండి. శాలువాకి, పిల్లలకి కొత్త బోర్డులకి.

మాస్టారు ఒకేసారి 8 మందితో ఆడతానన్నారు. ఆడేవాళ్లు పేర్లివ్వండి, బోర్డు, పావులు తెచ్చుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: ఆయనతో ఆడిన ఆట రాసుకున్న కాగితాలు ఇంట్లో వెతకండి, ఫొటో ఇక్కడ పెట్టండి. పుస్తకంగా కుట్టించి ఆయన చేతికిద్దాం.

పాతపట్నం, గుణుపురం వాళ్లు ఎంతమందో చెప్పండి. భోజనాలు 7కే.

బొకేలు వద్దు. ఆట మొదలయ్యాక ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.