తుఫాన్ల సీజన్: ఆదివారం ఉదయం 8కి అందరూ డాబా మీదికి

మన అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ నమస్కారమండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన విశాఖకి తుఫాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం ఇంటికొకరు తప్పకుండా రండి. చీపుర్లు, తట్టలు తెచ్చుకోండి.

ముందు డాబా మీద నీళ్లు పోయే గొట్టాలు చూడాలి. జాలీల దగ్గర రావి ఆకులు, పాలిథిన్ కవర్లు, సిమెంటు మట్టి ముద్దగా పేరుకుపోయి ఉన్నాయి. ఒక్క జాలీ మూసుకుపోయినా నీళ్లు నిలబడి పై అంతస్తు వాళ్ల శ్లాబు కారుతుంది. పిట్టగోడ పగుళ్లు కూడా అప్పుడే గుర్తుపెట్టి మేస్త్రీకి చూపిద్దాం.

బాల్కనీ గోడల మీద పూలకుండీలు ఈరోజే దింపేయండి, ప్లీజ్. గాలికి కింద పిల్లల మీద పడితే ప్రాణాలకే ప్రమాదం. కిటికీ గడియలు బిగించుకోండి.

తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు, బిందెలు నింపుకోండి. కరెంటు పోతే మోటారు ఆడదు. ఫోన్లు ఛార్జ్ చేసుకోండి. సెల్లార్‌లో బళ్లు ఉంచకండి.

తెగిన కరెంటు తీగ దగ్గరికి వెళ్లొద్దు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మందులు, టార్చిలైటు ఉన్నాయో లేదో పక్క ఫ్లాట్ వాళ్లు ఒకసారి కనుక్కోండి.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా మీ ఫ్లాట్ నంబరు ఇక్కడ పెట్టండి.