పాలిష్ రేటు ఎందుకు పెంచుతున్నామంటే

నమస్తే. వచ్చే నెల నుంచి ఉడ్‌వర్క్‌లో పాలిష్ పనికి చదరపు అడుగుకు 30 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాం. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే. కారణం చెప్పాలంటే, మా నిజాంపేట వర్క్‌షాపుకి వచ్చినప్పుడు మీలో చాలామంది అడిగే మాట దగ్గర మొదలుపెట్టాలి: "అందరూ యూపీ, బీహారోళ్లే ఉన్నారేంటండీ, మనోళ్లకు పని పోవట్లేదా?"

డాలస్‌లో కొడుకున్న ఒక పెద్దాయన ఇదే చాలా గట్టిగా అడిగారు. మీ అబ్బాయి గురించి అక్కడివాళ్లూ ఇదే అడుగుతున్నారు కదా అని నోటిదాకా వచ్చింది. ఆర్డర్ పోతుందని ఊరుకున్నాను.

పని కొందరికి పోతోంది, అందరికీ కాదు. మా దగ్గర కల్వకుర్తి వైపు కార్పెంటర్ ఒకాయన ఉన్నాడు. గోరఖ్‌పూర్ కుర్రాళ్లు రాకముందు రోజంతా ప్లై కోసి మైకా అంటించేవాడు. ఇప్పుడు టేపూ ఫోనూ పట్టుకుని సైట్లు తిరుగుతాడు. పూజగది తలుపుకి గంటలు ఎన్ని వరసలు, బియ్యం డ్రమ్ము ఎటు పక్క, గ్యాస్ బండ మార్చేటప్పుడు చెయ్యి ఆడుతుందా, ఇవన్నీ ఇంటావిడతో తెలుగులో మాట్లాడి తేల్చుకోవాల్సినవి. కోసే చేతులు పెరిగాక ఆర్డర్లు పెరిగాయి, ఆయనతో అవసరమూ, ఆయన జీతమూ పెరిగాయి.

పాలిష్ మేస్త్రీ సంగతి వేరు. నల్గొండ మనిషి, యాభై దాటాయి. ఎమరీ పేపర్‌తో రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ షాపులో మిషన్ ఆయన వేలిని గుర్తుపట్టదు. అదే పని చేసే కుర్రాళ్లు గదికి ఐదుగురు చొప్పున ఉంటూ రాత్రి పదింటిదాకా చేస్తారు. వాళ్ల ఇల్లూ సంసారం ఊళ్లో. ఈయనకు ఇంటద్దె, పిల్లల ఫీజులు ఇక్కడే. అయినా వాళ్లు ఒప్పుకున్న కూలికి ఈయనా ఒప్పుకోవాల్సిందే, ఏళ్లుగా కూలి అక్కడే ఆగింది. అలా మిగిలిన డబ్బు కొంత నా జేబులో, కొంత మీ జేబులో పడింది.

ఎకనామిక్స్ చదువుతున్న మా అమ్మాయి ఇది విని అమెరికాలోని మయామీ నగరం గురించి చెప్పింది. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి దాదాపు లక్షా పాతిక వేల మంది అమెరికా చేరారు. కొద్ది నెలల్లోనే మయామీలో పనివాళ్ల సంఖ్య 7 శాతం పెరిగింది. 1990లో డేవిడ్ కార్డ్ అనే ఎకనామిస్టు లెక్కలు తీస్తే స్థానికుల కూలి తగ్గిన జాడ కనబడలేదు. తర్వాత జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఎకనామిస్టు అవే రోజుల లెక్కలు మళ్లీ తిరగేసి, హైస్కూల్ పూర్తిచేయని మగవాళ్లను విడిగా చూస్తే గట్టి దెబ్బే తగిలిందన్నాడు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది కానీ తగువు తెగలేదట. మా కల్వకుర్తి ఆయన్ని చూస్తే కార్డ్ మాట నమ్ముతాను, మేస్త్రీని చూస్తే బోర్హాస్ మాట.

మరి బయటివాళ్లను పంపేస్తే? 2020 మే 1న, లాక్‌డౌన్‌లో వలస కూలీలను ఊళ్లకు చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకి 1,200 మంది కూలీలతో వెళ్లింది. వారానికే రైస్ మిల్లుల హమాలీలను బీహార్ నుంచి అదే స్టేషన్‌కి రప్పించాల్సి వచ్చింది. మా కుర్రాళ్లు వెళ్లాక మేస్త్రీ కూలి పైసా పెరగలేదు. కోసేవాళ్లు లేక బీరువాలే తయారవకపోతే పాలిష్ దేనికి వేస్తాడు? లాక్‌డౌన్ కాలం కాబట్టి అదొక్కటే కారణం కాదనుకోండి.

అందుకని ఎవరినీ మార్చట్లేదు. పాలిష్‌కి ఎవరు చేసినా ఒకే కూలి, ఎనిమిది గంటలు దాటితే ఓటీ. ఆ 30 రూపాయలు పూర్తిగా దానికే.

ఇంకొకటి, దీపావళి నుంచి, దాని తర్వాత వారంలోపే వచ్చే యూపీ, బీహారోళ్ల పండగ ఛఠ్ పూజ అయ్యేదాకా కుర్రాళ్లు ఊళ్లకు వెళ్తారు, వర్క్‌షాపు సగం ఖాళీ. కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకునేవాళ్లు వినాయక చవితి లోపే కొలతలు ఇప్పించండి.