మా పాప మూలకణాల సేకరణకు అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

ఏడాదీ రెండు నెలల వయసులో మా పాపకు న్యూరోబ్లాస్టోమా, అంటే పసిపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్ అని తేలింది. కడుపులో మొదలైన గడ్డ అప్పటికే ఎముకల్లోకి పాకింది గనుక, కొన్ని విడతల కీమో అయ్యాక పాప రక్తంలోంచే, రక్తకణాలను పుట్టించే మూలకణాలను సేకరించి దాచాలని, ఆ తర్వాత ఇచ్చే పెద్ద మోతాదు మందుకు దెబ్బతినే మూలుగను ఆ కణాలే మళ్ళీ నిలబెట్టాలని డాక్టర్లు చెప్పారు. అప్పటికి పాప బరువు 8 కిలోలు.

అంత చిన్న ఒంట్లో ఉండేది సుమారు 600 మిల్లీలీటర్ల రక్తం. కణాలను వేరుచేసే అఫెరిసిస్ యంత్రం నడుస్తున్నంతసేపూ దాని గొట్టాల్లోనే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉండిపోతుంది. పెద్దవాళ్ళు తట్టుకుంటారు గానీ, మా పాపకు అది మూడో వంతు రక్తం. అందుకే తెల్లకణాలు వడగట్టి, రేడియేషన్ ఇచ్చిన దాత రక్తంతో ముందుగా ఆ గొట్టాలను నింపారు. మా పాపది బి నెగెటివ్. ఆ రక్తం దొరికేదాకా మేము నిద్రపోలేదు.

మూలకణాలను మూలుగలోంచి రక్తంలోకి రప్పించే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు వరసగా పడ్డాక, రక్తంలో సీడీ34 కణాలు (మూలకణాలను లెక్కపెట్టేది ఈ గుర్తుతోనే) చాలినన్ని కనిపించిన రోజు ఉదయం, కాలి పట్టీలు విప్పి పాపను మంచం మీద పడుకోబెట్టాము. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ఒంట్లో కాల్షియాన్ని తగ్గిస్తుందట. పెద్దవాళ్ళయితే పెదవులు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పగలరు, మాటలు రాని బిడ్డ ఏం చెబుతుంది? ఒకవైపు కాల్షియం ఎక్కిస్తూనే, నాలుగు గంటలపాటు కుర్చీ కదలకుండా పాప ముఖాన్నే చూస్తూ కూర్చున్న టెక్నీషియన్ గారికి నేను ఏమిచ్చి ఋణం తీర్చుకోగలను? పాప కాస్త చిరాకు పడి ముఖం తిప్పుకోగానే ఆవిడ యంత్రం వేగం తగ్గించి, అరచేతులు తాకి చూసి, నర్సమ్మను పిలిచారు. ఏడుపుకూ ఇబ్బందికీ తేడా కన్నతల్లినైన నాకంటే ముందు ఆవిడకే తెలిసింది.

సాయంత్రానికి పలుచని టమాటా చారు రంగులో, నా అరచేతిలో ఇమిడేంత సంచి చేతికొచ్చింది. కిలో బరువుకు కనీసం 20 లక్షల కణాలు కావాలన్నారు; రెండో రోజు సేకరణతో కలిపి 50 లక్షలు దాటాయి. వాటిని ద్రవ నైట్రోజన్‌లో భద్రపరిచి, ముందు చెప్పిన పెద్ద మోతాదు మందు మెల్ఫలాన్ ఇచ్చాక తిరిగి పాపకు ఎక్కించారు. 12వ రోజున తెల్లకణాల లెక్క పెరగడం మొదలైంది.

డాక్టర్లకు, నర్సమ్మలకు, ఆ టెక్నీషియన్ గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాము. రక్తమిచ్చిన మీరెవరో మాకు తెలియదు, బ్లడ్ బ్యాంకు వారు చెప్పరు కూడా. సంచి మీద పేరు లేదు, నంబరే ఉంది. ఆ నంబరును పాప ఫైలు మొదటి పేజీలో, పాప పేరు కిందనే రాసుకున్నాను.