ప్రాగ్ వెళ్తున్న సభ్యులకు

అందరికీ నమస్కారం. 1410 నాటి ఖగోళ గడియారం, 1357లో కట్టడం మొదలైన చార్లెస్ వంతెన మీరు ఎలాగూ చూస్తారు. వంతెన మీదికి తెల్లవారగానే వెళ్లండి, పొద్దెక్కితే జనంతో కిక్కిరిసిపోతుంది.

నా విన్నపమల్లా పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గురించే. నాజీల చేతిలో బలైన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు అక్కడి గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి, ఇంటిపేర్లు ఎర్రటి అక్షరాల్లో. కమ్యూనిస్టు పాలనలో చెరిపేసిన ఆ పేర్లన్నీ 1990లలో మళ్లీ రాశారు! పై అంతస్తులో నాజీలు యూదులను బంధించిన టెరెజిన్‌లో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. వాటి ముందు తొందరపడకండి. ఆ పిల్లల్లో చాలామంది ప్రాణాలతో మిగల్లేదు.

సినగాగ్‌కు శనివారం సెలవు, టికెట్లు చూసుకుని కొనండి. టెరెజిన్ కూడా బస్సులో సుమారు గంట ప్రయాణమే, వీలైతే ఒక పూట దానికి కేటాయించండి.